గట్ తెగిన చోటు

గుంటూరులో టెన్నిస్ రాకెట్లకు గట్ తీగలు బిగించి కట్టే మస్తాన్‌వలి, సంహిత పంపిన ఆరు రాకెట్లనూ బల్ల మీద వరసగా పేర్చి చూశాడు. ఆరింటికీ గట్ నట్టనడుమే తెగింది. స్కేలు పెట్టి కొలిచినా తేడా లేదు.

ఆమె పదకొండో ఏట నుంచీ ఆమె రాకెట్లు కడుతున్నది అతనే. ఇప్పుడామెది ప్రపంచంలో రెండో ర్యాంకు. ఆడేవాళ్లందరిలాగే ఆమె కూడా ఏడాదిగా మోచేతి నుంచి వేళ్ల దాకా పల్చటి తొడుగు వేసుకుంటోంది. చేతికి నొప్పి రానివ్వదట, గురి తప్పనివ్వదట. ఎదురుకొట్టు దర్జీకీ అలాంటిదే ఉంది. మస్తాన్‌వలి మాత్రం వేసుకోడు.

సాయంత్రం రాకెట్ల కోసం సంహితే వచ్చింది.

"ఇవి నువ్వాడినవేనామ్మా?" అన్నాడు టీ గ్లాసు అందిస్తూ.

"ఇంకెవరాడతారు బాబాయ్? మొన్న ఫైనల్ చూళ్లేదా?"

"చూశాను. అందుకే అడుగుతున్నా. సెట్ పోయేలా ఉంటే నీకు చెయ్యి బిగుసుకుపోయేది. బంతి అంచుకి తగిలేది, గట్ అక్కడే తెగేది. ఏడాదిగా ఒక్కటీ అంచున తెగలేదు. భయం పోయిందా?"

సంహిత టీ తాగకుండా తొడుగు వేసిన తన కుడిచేతి వంక చూసింది. గ్లాసు పట్టుకున్న వేళ్లు ఇసుమంతైనా కదలడం లేదు.

"భయం అట్లానే ఉంది బాబాయ్. మొన్న సెట్ పోయేలా ఉంటే, ఆట వదిలేసి వెళ్లిపోదామనుకున్నా," అంది గొంతు తగ్గించి. "చెయ్యి ఒప్పుకోలేదు."