ఐదో జత

"ఐదు జతలు కావాలి బాబాయ్. మధ్యాహ్నం బస్సుకి పైకి వెళ్లిపోవాలి."

కొట్టు బాబాయి తలెత్తలేదు. పొద్దున దిగిన మూటల్లో మూడోదాని తాడు కోస్తున్నాడు. పటాలాలు అక్కర్లేదని తీసేసిన బట్టల్ని వేలంలో కొని, చవగ్గా అమ్ముకునే కొట్టు అది. మూటలు ఎత్తీ ఎత్తీ ఆయన మోకాళ్లు అరిగాయి. చెప్పిందే చెప్పీ చెప్పీ నోరూ అరిగింది.

వచ్చేవాళ్లందరూ ఒకే బాపతు. వీపున సంచీ, చేతిలో జాబితా. జీతం వచ్చే ఉద్యోగానికి సెలవు పెట్టి మరీ కొండలెక్కి చలిలో వణకడానికి పోయే రకం. ఇతనికీ సంచీ ఉంది. చెవులు మూసుకునేలా ఉన్ని టోపీ, వారం గడ్డం, ముక్కు మీద తోలు ఊడిన మచ్చ.

"కిందటిసారి ఏం తొడుక్కుని వెళ్లారు?" అన్నాడు బాబాయి.

"ఉన్నవే తొడుక్కున్నాం. మాలో ఒకడికి కాలివేళ్లు రెండు తీసేశారు."

బస్సు టైము చెప్పినంత మామూలుగా చెప్పాడు. బాబాయి చేతిలో కత్తి ఆగిపోయింది. జాలి వేయాల్సిన చోట ఆయనకి ఒళ్లు మండింది.

"వేళ్లు పోయాక కూడా మళ్లీ బయల్దేరారా? ఇంట్లో దుప్పటి కప్పుకుని పడుకోక మీకెందుకయ్యా ఆ కొండలు?"

"మా ఆవిడా అదే అడుగుతుంది బాబాయ్."

మూల కుట్టుమిషను దగ్గర కూర్చున్న పిన్ని ఫక్కున నవ్వింది. ఆయన నవ్వలేదు. అలవాటుకొద్దీ పాఠం మొదలుపెట్టాడు. ఒంటికి ఆనుకుని నూలు బనియను వద్దు, చెమటకి తడిసి చంపుతుంది, ఉన్నిదే వేసుకోవాలి. దాని మీద దూది కుట్టిన లోకోటు. ఆపైన గాలి దూరని పైకోటు. ఎక్కేటప్పుడు లోకోటు విప్పి సంచీలో పెట్టుకోవాలి. ఆగగానే, చలి వేయకముందే తొడుక్కోవాలి. బిగుతుగా ఉన్నవి తీసుకోవద్దు, పొరల మధ్య గాలి నిలవకపోతే వెచ్చదనం ఉండదు.

అతను బడిపిల్లాడిలా తలూపుతూ విన్నాడు. మిగతావాళ్లయితే ఈపాటికి ఫోను తీసి, ఫలానావాడు ఇంకోలా చెప్పాడే అని వాదించేవాళ్లు.

"మిలిటరీవాళ్లకి ఈ బాధ లేదు. అన్నీ సర్కారే ఇస్తుంది. మీకెవరిస్తారు? అందుకే నా కొట్టు నడుస్తోంది" అని పాఠం ముగించాడు బాబాయి.

అతను కోటు అతుకుల్ని లాగి లాగి చూస్తున్నాడు. "మంచి సరుకు. ఎందుకు తీసేశారో" అన్నాడు మెల్లగా.

కొలతలు చూస్తే నలుగురికి దొరికాయి. ఐదోవాడు వాళ్లతో వచ్చే వంటమనిషి. మనిషి భారీ. ఆ కొలతలో ఉన్ని బనియను ఉంది, పైకోటు ఉంది, లోకోటు లేదు. బాబాయి మూడు మూటలూ నేల మీద కుమ్మరించాడు. అటక ఎక్కి దిగాడు. తల ప్రాణం తోకకొచ్చింది కానీ లోకోటు దొరకలేదు.

"పోనీ బాబాయ్, నాకు తీసినది వాడికిచ్చేస్తాను" అన్నాడతను.

"నీది వాడికి భుజాల దగ్గరే ఆగిపోతుంది. నీ వేళ్లు మాత్రం ఎక్కువున్నాయా?"

పిన్ని మిషను ఆపి మొగుడివైపు చూసింది. "ఏమండీ, మీ ఒంటి మీద ఉన్నది ఏమిటో?"

ఉన్నది లోకోటే. ఎనిమిది చలికాలాలుగా ఆయన ఒంటిని వదలనిది. బాబాయి ఏదో గొణిగాడు. వీళ్ల సరదాకి తాను వణకాలా అన్నాడు. అంటూనే గుండీలు విప్పాడు.

దానికి పక్కల్లో పట్టీలు వేస్తే వంటమనిషికి సరిపోతుంది. అయితే అంతకు ముందే ఇతను ఇంకో పని పెట్టాడు. ప్రతి కోటు మెడ లోపలా 'రద్దు' అని ఎర్ర ముద్ర ఉంటుంది. మిగతావాళ్లు ఆ ముద్ర చూసే కొంటారు, అసలు మిలిటరీ సరుకని ఫొటోలు కూడా తీసుకుంటారు. ఇతను మాత్రం ప్రతి ముద్రా కత్తిరించి, మామూలు గుడ్డ అతికించమన్నాడు. పాతవి కొన్నారని తోటివాళ్లకి తెలియడం నామోషీ కాబోలనుకున్నాడు బాబాయి. కొండ మీద కూడా షోకులే.

నాలుగు జతల ముద్రలు పోయేసరికి బస్సుకి వేళయింది. ఐదో జత మిషను మీదే ఉండిపోయింది.

"రేపటి బస్సుకి వేస్తాను. డ్రైవరు నాకు తెలిసినవాడే" అన్నాడు బాబాయి, చేతులు చంకల్లో పెట్టుకుని. "ఏ సత్రంలో దిగుతారో అడ్రసు రాసిచ్చి వెళ్లు. నడక ఎన్నాళ్లు?"

"నడక రెండు రోజులే. పైన ఉండటమే ఎక్కువ."

"ఉండండి, ఉండండి. పనీపాటా లేనప్పుడు ఎన్నాళ్లయినా ఉండొచ్చు."

అతను కాగితం మీద నాలుగు ముక్కలు రాసి పిన్ని చేతికిచ్చాడు. బాబాయి ఒంటి మీద మిగిలిన పల్చటి చొక్కాని ఒకసారి చూశాడు. మూట భుజానికెత్తుకుని బస్సు కోసం పరుగెత్తాడు.

"వంటమనిషిని కూడా వెంటేసుకుని విహారాలు" అంటూ బాబాయి కళ్లజోడు పెట్టుకుని కాగితం అందుకున్నాడు.

అందులో సత్రం పేరు లేదు. అతని పేరుకి ముందు సిపాయి అని, కింద ఒక పటాలం నంబరూ, సరిహద్దు కనుమ మీది కాపలా చౌకీ నంబరూ ఉన్నాయి.