బస్సుకి కుదిరే చదువు

"నాలుగింటి భీమిలి బస్సు అందే కోర్సు ఏదుంటే అది రాసేయండి బాబూ," అన్నాను, కాలేజీలో సీట్లిచ్చే లెక్చరర్‌తో. డెబ్బయ్యారు నాటి మాట. చీకటి పడకముందే ఇల్లు చేరకపోతే చదువే వద్దని మా ఆయన మా అమ్మాయి కనకరత్నానికి ముందే చెప్పేశాడు మరి.

లెక్చరర్ టైంటేబుల్ చూశాడు. "ఫిలాసఫీ రెండింటికే అయిపోతుందమ్మా. పొలిటికల్ సైన్స్ మూడున్నరకి. ఫిజిక్స్‌కి ల్యాబుంది, ఐదున్నర దాటుతుంది."

"అయితే పిలాసపీయే రాయండి. ఏటి సెప్తారందులో?"

"మనిషి ఎందుకు పుట్టాడో చెప్తాం."

"అది రెండింటికల్లా తేలిపోద్దా! మరి పిజిక్సోళ్లకేటి అంత పని?"

"దారానికి గుండు కట్టి ఊపి, ఎంతసేపు ఊగుతుందో చూస్తారు."

"ఉయ్యాల ఊపడానికి ఐదున్నర దాకానా?" అని నేను నవ్వితే ఆయనా నవ్వాడు. పక్కనున్న మా పిల్ల నవ్వలేదు.

"నాకు ఫిజిక్సే కావాలమ్మా," అంది, గుడ్ల నీళ్లు కుక్కుకుని.

పండక్కి పరికిణీ కూడా నోరు తెరిచి అడిగి ఎరగదది. నా నవ్వు ఆగిపోయింది.

"పిజిక్సే రాసేయండి బాబూ. రోజూ నానొచ్చి తీసుకెళ్తాను."

"మూడేళ్లూనా? నాన్న ఒప్పుకుంటాడేటి?"

"ఒప్పుకోక? ఆడపిల్ల సీకట్లో ఒక్కద్దీ రాకూడదనే కదా ఆయన బాద, నాను ఎంటుంటే ఇంకేటి?" అన్నాను పెద్దరికంగా.

ఉన్నమాట చెప్పొద్దూ, ల్యాబు అయ్యేదాకా పూర్ణా మార్కెట్‌లో ఏ రోజు ఏ సందు తిరగాలా అని నేను అప్పటికే ఆలోచనలో పడ్డాను.