మునగని సూటు

"లాగి చూడు సత్యవతీ, గట్టిగానే ఉంది! పనికొస్తుందని ఒక్క మాట చెప్పు తల్లీ!"

చేతిలోని నల్ల రబ్బరు సూటుని సత్యవతమ్మ ఇంటి గడపలో పడేసి కనకదుర్గ చతికిలబడిపోయింది. నీళ్ళలో దిగేవాళ్ళు మెడ నుంచి మడమల దాకా తొడుక్కునే సూటు అది. ఏళ్ళ తరబడి అటక మీద పాత వలల కింద నలిగి అట్టలా బిగుసుకుపోయింది.

కృష్ణానది సముద్రంలో కలిసే మొగ దగ్గర నిన్న తెల్లవారుజామున వాళ్ళ పడవ బోల్తా పడింది. తక్కినవాళ్ళు ఈదుకొచ్చారు. కనకదుర్గ ఒక్కగానొక్క కొడుకు శ్రీను మాత్రం మడ అడవిలోకి కొట్టుకుపోయాడు. చీకటిపడేదాకా లోపల్నుంచి వాడి కేక వినపడిందట. వెతకబోయినవాళ్ళని మడవేళ్ళకి పట్టిన ఆల్చిప్పలు బ్లేడుల్లా కోసేశాయి. పైగా డిసెంబరు చలి. దిగినవాడు దిగినట్టే వణుకుతూ ఒడ్డెక్కేశాడు. ఆమె భర్త రాంబాబు నిన్నటి నుంచి అక్కడే కూర్చున్నాడు, ముద్ద ముట్టలేదు.

ఈ సూటు సంగతి ఆ మనిషికి గుర్తే లేదు కాబోలు. కనకదుర్గకే ఇవాళ పొద్దున మెరుపులా తోచింది. సూటయితే దొరికింది, మరి వేసుకుని దిగేదెవరు? ఆ వేళ్ళ కింద నుంచి దూరిపోయేలా నీళ్ళ అడుగున ఊపిరి బిగబట్టగలిగిన మొనగాడు ఆ ఊళ్ళో అంకమ్మరావు ఒక్కడే. ఆయన పోయాక, చిన్నప్పుడే నేర్పిన ఆ విద్య ఇప్పుడు కొడుకు నానికే ఉంది. కానీ నాని తల్లి సత్యవతమ్మ వాణ్ణి నీళ్ళలో కాలు పెట్టనివ్వదు. అంకమ్మరావు, రాంబాబు ప్రాణస్నేహితులు. బందరు రేవు అవతల మునిగిన ఓడలో ఇత్తడి సామాను తీద్దామని ఇద్దరూ వెళ్తే, రాంబాబు ఒక్కడే గుండెలు బాదుకుంటూ తిరిగొచ్చాడు. దిగినవాడు పైకి రాలేదన్నాడు. శవం కూడా దొరక్కపోతే దర్భలతో బొమ్మ చేసి తగలబెట్టారు. అప్పట్నుంచి ఆ తల్లీకొడుకుల్ని కడుపులో పెట్టుకుని చూసుకుంటున్నది రాంబాబే. నాని తోలే ఆటో కూడా ఆయన చలవే.

సత్యవతమ్మ సూటుని ఒళ్ళోకి తీసుకుంది. మెడ దగ్గర లాగింది, చంకల్లో మడతలు విప్పింది, కాళ్ళ దాకా తడుముకుంటూ వచ్చింది. మోకాలి దగ్గర ఓ పాత అతుకు మీద ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఇదెక్కడిది వదినా?"

"మీ అన్నయ్య ఎవరో పాత సామాన్లవాడి దగ్గర కొన్నాడంట."

"ఎప్పుడు?"

"ఇప్పుడవన్నీ ఎందుకే? పడవ కొన్న ఏడే అనుకుంటా. పనికిరాదు, సముద్రంలో పారేస్తానని పట్టుకెళ్ళాడు, మళ్ళీ తెచ్చి అటకెక్కించాడు. నేను ముట్టుకోబోతే కసిరాడు కూడా."

సత్యవతమ్మ ఆ అతుకునే వేలితో తడుముతోంది. తల ఎత్తలేదు. కనకదుర్గకి పై ప్రాణాలు పైనే పోయాయి. మొగుణ్ణి మింగిన నీళ్ళలోకే కొడుకుని పంపమని ఏ ముఖం పెట్టుకుని అడగడం? అడగక చేసేదేముంది? వంగి ఆమె కాళ్ళు పట్టేసుకుంది.

"నా బిడ్డ తల్లీ! మధ్యాన్నం అమావాస్య పోటు, నిన్నటికంటే పెద్దదొస్తే ఆ వేళ్ళు కూడా మునిగిపోతాయి. ఇక వాడు లేనట్టే!"

సత్యవతమ్మ తలెత్తి, గోడవారగా నిలబడ్డ నాని వైపు చూసింది. ఆ కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నానీ, సైకిలు ట్యూబు ముక్క, సొల్యూషన్, ఎర్ర నైలాను దారం తీసుకురా."

భుజం దగ్గర పగుళ్ళిచ్చిన చోట ట్యూబు ముక్క అంటించి, చుట్టూ కుట్టు వేసింది. జిప్పు బిగుసుకుపోతే కొవ్వొత్తి రుద్దింది. కనకదుర్గ కొబ్బరినూనె సీసా అందిస్తే, "నూనె తగిలితే రబ్బరు చెడిపోతుంది" అని పక్కకి నెట్టింది. ఆఖరున సూటుని తొట్టిలో పడేసి చేత్తో అదిమింది. అది మళ్ళీ పైకే తేలింది.

"ఎంత తొక్కినా మునగదు ఇది," అంది తనలో తను. "పనికొస్తుంది. వేసుకో నానీ."

వాడికి అది కొలిచి కుట్టినట్టు సరిపోయింది.

మొగ దగ్గరికి చేరేసరికి పోటు మొదలైంది. నానిని ఆ సూటులో చూడగానే రాంబాబు ఎగిరిపడి లేచాడు.

"ఎవరు తీశారు దీన్ని? పనికిరాదన్నానా! విప్పరా!"

"మతి పోయిందా మీకు? అక్కడ కొడుకు చస్తుంటే!" అని కనకదుర్గ అరిచింది.

"పనికొస్తుంది అన్నయ్యా, నేను చూశాను," అంది సత్యవతమ్మ మెల్లగా.

రాంబాబు ఇసుకలో కూలబడిపోయాడు. నాని నీళ్ళలోకి దూకాడు.

ఆ తర్వాత ఎంతసేపు గడిచిందో కనకదుర్గకి తెలియదు. తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కేసింది. మడచెట్ల మొదళ్ళు మునిగిపోయాయి. ఇక ఆశ లేదనుకుంటుండగా నల్లటి భుజం ఒకటి పైకి లేచింది, దాని మీద శ్రీను తల వాలి ఉంది. ఊపిరుంది! ఒళ్ళంతా చీరుకుపోయి, మంచుగడ్డలా చల్లబడిపోయినా ఊపిరుంది!

దుప్పట్లు కప్పారు, మంట వేశారు. శ్రీను కళ్ళు తెరిచి "అమ్మా" అన్నాడు. రాంబాబు మాత్రం ఉన్నచోటు నుంచి కదల్లేదు. కొడుకు ముఖమైనా చూడకుండా నాని విప్పి పడేసిన సూటు వైపే చూస్తున్నాడు. సంతోషం పట్టలేక అలా అయిపోయాడనుకుంది కనకదుర్గ.

ఆమె ఆ సూటుని ఎత్తి కళ్ళకద్దుకుంది. భుజం మీది కొత్త కుట్టుని ముద్దు పెట్టుకుంది. అప్పుడే మోకాలి మీది పాత అతుకు కంటపడింది. అదీ ఎర్ర దారమే. కుట్టూ అలాగే, ముడీ అలాగే.

"ఇదేంటి సత్యవతీ, ఈ పాత కుట్టు కూడా అచ్చం నీ చేతి కుట్టులాగే ఉందే!"

సత్యవతమ్మ రాంబాబు వైపు చూస్తూ అంది.

"మా ఆయన ఆఖరిసారి పడవెక్కిన పొద్దున నేనే కుట్టి తొడిగాను వదినా."