గదికొక కప్ప

"సెలవులిచ్చే రోజుకల్లా గదికొక కప్ప ఉండాలి మేష్టారూ. ఆ పూచీ మీది," అన్నారు ప్రిన్సిపాల్ గారు. "మూసిన నోరు మళ్ళీ ఊరికే తెరుచుకోకూడదు సుమా! ఈ పని సవ్యంగా చేశారా, మీ ఉద్యోగం ఖాయం."

కొత్త సైన్సు మేష్టారు తలూపి వచ్చేశాడు. ఎందుకని అడగలేదు. ప్రిన్సిపాల్‌ని ఎందుకని అడిగినవాళ్ళెవరూ ఆ బడిలో మిగల్లేదు. ఆ రోజు తల్లిదండ్రులొస్తారు, గదిగదికీ ప్రదర్శన పెడతారు కాబోలు. ప్రసంగాల మధ్యలో బెకబెకమనకూడదు కాబోలు. అలా తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

అసలు చిక్కు వేరే. మేష్టారికి కప్పంటే చచ్చేంత భయం. పాఠం చెప్పడం వేరు, పట్టుకోవడం వేరు. అందుకని రోడ్డు పక్క వాననీటి గుంటలోంచి చీమిడి ముద్దల్లాంటి గుడ్లను చెంబుతో తోడుకొచ్చి, స్నానాల తొట్టిలో పోశాడు. ఇల్లు అత్తగారిది. తొట్టీ ఆవిడదే. ఉద్యోగం ఖాయమైతే గానీ పెళ్ళాంతో వేరే కాపురం పెట్టే యోగం లేదు మరి.

వారం తిరక్కుండానే తొట్టినిండా తోకలు.

"ఏం అల్లుడుగారూ, చేపల వ్యాపారమా?" అంది అత్తగారు.

"కప్పపిల్లలండీ అత్తయ్యా. ఇప్పుడు మొప్పలతో బతుకుతాయి. తర్వాత ఊపిరితిత్తులు వస్తాయి."

"ఊపిరాడక నేను పోయేలోపు వస్తాయా?"

పాలకూర ఉడకేసి ఆకులు వాటికి వేశాడు. కాడలు ఇంట్లోవాళ్ళకి మిగిలాయి. మెల్లగా వెనక కాళ్ళు మొలిచాయి. ఆ సంబరంలో ఉండగానే ప్రిన్సిపాల్ గారు వరండాలో ఆపారు.

"కప్పల సంగతి ఎంతవరకు వచ్చింది?"

"ఇంకా తోకలున్నాయి సార్."

"తోకలెందుకండీ మనకి? సాదావి చాలు."

"అవే పోతాయి సార్."

"పోతే పోనివ్వండి. కప్ప గట్టిదైతే అంతే చాలు."

ముందు కాళ్ళు కూడా పొడుచుకొచ్చాక అవి తిండి మానేశాయి. మేష్టారి భార్య కంగారుపడింది.

"చచ్చిపోతాయేమోనండీ!"

"ఏం కాదే. నోరు, పేగు మారేదాకా తినవు. తోక మెల్లగా లోపలికి కరిగిపోతుంది. అదే వాటికి ఆహారం."

"మీకూ ఓ తోకుంటే బాగుండేది," అంది అత్తగారు. "బియ్యం మిగిలేవి."

తోకలు కరిగాయి. గెంతులు మొదలయ్యాయి. కప్పల తక్కెడ అని పెద్దలు ఊరికే అన్నారా! ఒకదాన్ని బక్కెట్లో వేస్తే రెండు బయటికి దూకుతున్నాయి. ఒకటి అత్తగారి చెప్పులో దూరింది. ఇంకొకటి ఆవిడ దిండెక్కింది. ఆవిడ కేకకు పక్కింటివాళ్ళు పరిగెత్తుకొచ్చారు. మేష్టారు కళ్ళు గట్టిగా మూసుకుని, వట్టి చేత్తో, ఒక్కొక్కదాన్నే పట్టాడు. ఒళ్ళంతా జలదరించింది. అయినా వదల్లేదు. ఉద్యోగం అంత చెడ్డది!

సెలవులిచ్చే రోజు రానే వచ్చింది. తడిగుడ్డ కప్పిన బక్కెట్‌తో మేష్టారు పొద్దుటినుంచీ వరండాలో కాచుకున్నాడు. తల్లిదండ్రుల జాడే లేదు. సాయంత్రం గంట కొట్టారు. పిల్లలు గోలగోలగా వెళ్ళిపోయారు. గది తలుపులు ఒక్కొక్కటే దగ్గరికి లాగుతూ ప్రిన్సిపాల్ గారు వచ్చారు.

"కప్పలు తెచ్చారా మేష్టారూ?"

"తెచ్చాను సార్. గదికొకటి. ఒక్కటీ తగ్గలేదు."

"శభాష్! మాటంటే మాటే. ఇవాళ్టినుంచి మీ ఉద్యోగం ఖాయం!"

మేష్టారికి కళ్ళు చెమర్చాయి. సొంత గుమ్మం, సొంత తొట్టి, అత్తగారు లేని స్నానాలగది కళ్ళముందు మెదిలాయి.

ఆఖరి తలుపు దగ్గరికి లాగి, వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాపారు ప్రిన్సిపాల్ గారు.

"ఏవండీ మరి, తాళంచెవులు?"