తాలు బుట్ట

“అమ్మాయ్, ఈ బస్తా అడుగు తడిసింది. కాయంతా తెల్లబడిపోయింది, చూడు!”

షెడ్డంతా వినబడేలా అరిచింది కొత్తగా పనిలోకి వచ్చిన ఎలీసమ్మ.

మిరపకాయల తొడాలు తీస్తున్న ఆడవాళ్ళందరి చేతులూ ఒక్కసారి ఆగిపోయాయి. అట్లా రంగు చెడిన తాలు కాయ కనబడిందని పైకి చెప్పిన మనిషి ఆ షెడ్డులో ఇంతవరకూ లేదు.

మేస్త్రీ జయకుమారి విసవిసా వచ్చింది.

“వచ్చి గంట కాలేదు, అప్పుడే వంకలా? తాలుంటే ఏరి అవతల పడెయ్. ఆ దండోరా ఎందుకు?”

“ఏరితే ఇయ్యాల్టికి పోద్ది. ఎందుకు తడిసిందో చూస్తే రేపు ఏరే పనే ఉండదుగా?”

పక్కనున్న రెబ్కా కిసుక్కున నవ్వి, వెంటనే ముక్కుకి కట్టుకున్న గుడ్డ సర్దుకుంది.

జయకుమారికి నవ్వు రాలేదు.

గుంటూరు శివార్లలో శేషాచలంగారి మిర్చి షెడ్డు అది. ఎనభయ్యేడు వేసవి. అంతకుముందు నెల మద్రాసు వెళ్ళిన లోడులో బస్తాల అడుగున తాలు బయటపడి సరుకు వెనక్కొచ్చింది.

“ఇంకోసారి ఇట్లా జరిగితే మేస్త్రీని మార్చేస్తా,” అన్నారాయన.

మేస్త్రీ పని పోతే మళ్ళీ నేల మీద కూర్చుని తొడాలు తీయాలి. అదీ ఇన్నాళ్ళూ తను కసిరిన వాళ్ళ మధ్యన!

అప్పట్నుంచీ జయకుమారి కాలు కాలిన పిల్లిలా తిరుగుతోంది. ఎవరి పక్కన తాలు కుప్ప కాస్త పెరిగినా, “మంచి కాయ కూడా తాల్లో పోస్తున్నావటే?” అని దులిపేసేది. అరిచినకొద్దీ కుప్పలు చిన్నవయ్యాయి. పని బాగుపడుతోందనుకుంది.

ఇంతలో ఈ ఎలీసమ్మ.

“అయ్యగారు పంపారు. పనిలో పెట్టుకో,” అని గుమస్తా తీసుకొచ్చి వదిలాడు.

కూలిమనిషిని అయ్యగారే పంపడం ఎక్కడన్నా ఉందా? ఇది తన పనికి ఎసరేనని లెక్కేసుకుంది జయకుమారి.

ఎలీసమ్మ కుదురుగా కూర్చునే రకం కాదు. మర్నాడు ఒక ఖాళీ బుట్ట తెచ్చి అందరి మధ్యా పెట్టింది.

“ఎవరి తాలైనా ఇందులోనే వెయ్యండి. ఎవరిదని అడిగేది లేదు.”

అన్నాల వేళ అందర్నీ ఆ బుట్ట చుట్టూ కూర్చోబెట్టింది.

“ఇదంతా ఎందుకిట్లా అయిందంటావే, రెబ్కా?”

“నన్నడుగుతావేంది పెద్దమ్మా?”

“పొద్దస్తమానం కాయతో ఉండేది నువ్వేగా. ఇంకెవర్ని అడగను?”

రెబ్కా బుట్టలోంచి ఒక కాయ తీసి చూసి, “బస్తాలు నీళ్ళ తొట్టి పక్కనే దించుతున్నారు. అడుగు చెమ్మ లాగుతోందేమో,” అంది.

సాయంత్రానికల్లా బస్తాలు చెక్కల మీదికెక్కాయి. ఆ మర్నాడు అందరూ గాలికి వీపు పెట్టి కూర్చున్నారు. మిరప ఘాటుకి వచ్చే దగ్గులు తగ్గాయి.

జయకుమారి మాత్రం బుట్ట వంకే చూస్తోంది. అది రోజూ నిండి పొర్లుతోంది. ఈవిడ రాకముందు ఇంత తాలెక్కడిది? అయ్యగారు వచ్చి చూస్తే తన పనేం కాను?

నాలుగోనాడు ఇక ఆగలేకపోయింది.

“నా కుర్చీకి ఎసరు పెట్టడానికేగా వచ్చావ్?”

“నీ కుర్చీకి ఒక కాలు పొట్టిదమ్మాయ్. నాకు నేలే నయం.”

అందరూ గొల్లుమన్నారు. జయకుమారి మొహం ఎర్రబడింది.

“రేపట్నుంచి పన్లోకి రామాక!”

ఎలీసమ్మ లేచి కొంగు దులుపుకుంది.

“సరే తల్లీ. నేను పోతాలే. ఆ బుట్ట మాత్రం తియ్యొద్దు.”

ఆమె గేటు దాటకముందే జయకుమారి బుట్టని మూలకి విసిరేసింది.

మర్నాడు ఎవరి పక్కనా గుప్పెడు తాలు లేదు. చాన్నాళ్ళకి ఆమెకి అన్నం సయించింది.

లోడు మద్రాసు వెళ్ళింది. వారం తిరక్కుండా అందులో కొన్ని బస్తాలు వెనక్కొచ్చాయి. వాటి వెనకే శేషాచలంగారు వచ్చారు.

“ఎలీసమ్మ ఉన్నన్నాళ్ళూ కట్టిన బస్తాలన్నీ నిలబడ్డాయి. తర్వాత కట్టినవే తిరిగొచ్చాయి. ఆవిణ్ణి ఎందుకు పంపించేశావ్?”

“ఆవిడొచ్చాకే తాలు పెరిగిందండీ... నా కళ్ళతో చూశాను.”

రెబ్కా తల వంచుకునే అంది:

“పెరగలేదక్కా. అంతకుముందు నువ్వు తిడతావని తాలుని మంచికాయ కింద తోసేసేవాళ్ళం. బుట్ట తీసేశాక మళ్ళీ అదే పని చేశాం.”

జయకుమారి శేషాచలంగారి వైపు తిరిగింది.

“కబురు పెట్టండయ్యగారూ. నేనే వెళ్ళి కాళ్ళు పట్టుకుంటా.”

“ఇంకెక్కడ? ఒంగోలు పొగాకు గోడౌను వాళ్ళు ఎప్పట్నుంచో మేస్త్రీగా రమ్మంటున్నారు. మొన్ననే చేరిపోయింది.”

దుఃఖమూ ఉక్రోషమూ కలిసి పొంగుకొచ్చాయి జయకుమారికి.

“ఆ మేస్త్రీ పనేదో ఇక్కడే ఇవ్వాల్సింది! నన్ను తీసేసి ఆవిణ్ణి పెట్టడానికేగా మీరు పంపింది?”

శేషాచలంగారు తిరిగొచ్చిన బస్తా మీద చెయ్యి వేసి, నెమ్మదిగా అన్నారు:

“పెడదామనే పిలిచానమ్మా. ఆవిడే, ‘ఆ పిల్ల పని తీసి నాకివ్వొద్దు, కూలిదానిలా పక్కన కూర్చుని దారి చూపిస్తా, ఈ సంగతి మాత్రం తనకి తెలియనివ్వొద్దు’ అని నా దగ్గర మాట తీసుకుని మరీ వచ్చింది.”