ఒక్క వాల్వు

గోతిలో వాల్వు మళ్ళీ మాయమైంది.

ఈ వారంలో ఇది నాలుగోది.

హార్బరు పక్కన ఓడల రిపేరు యార్డు అది. ఇంజనీరు శ్రీరామ్మూర్తి ఇనుప నిచ్చెన పట్టుకుని గోతిలోకి తొంగి చూశాడు. వాల్వు ఉండాల్సిన చోట తిన్నని గొట్టం ముక్క బిగించి ఉంది.

"ఎవడిదీ పని?"

"ఇంకెవడిదండీ, ఆ ముసలోడిదే," అన్నాడు ఫోర్మన్ వీర్రాజు. "అందరూ అన్నాలకెళ్ళాక స్పానరు పట్టుకుని దిగుతున్నాడండి."

శ్రీరామ్మూర్తి లోలోపల సంతోషించాడు. ఇలాంటి అవకాశం కోసమే నెలరోజులుగా కాసుకుని ఉన్నాడు.

ఆ గోతిలో చేరే నీళ్ళని తోడే ఎజెక్టరు పంపు అతను గీసిన మొట్టమొదటి డ్రాయింగు. జోరుగా వచ్చే నీటిని సన్నటి ముక్కులోంచి చిమ్మితే, ఆ ధార గోతిలో నీళ్ళని వెంటబెట్టుకుని పైకి పోతుంది. దానికి ఐదు వాల్వులు పెట్టాడు. తగరపువలస దగ్గర పల్లెలో వాళ్ళ వంశానికంతటికీ మొదటి డిగ్రీ పట్టా అతనిది. ఆ డ్రాయింగు కాపీకి ఫ్రేము కట్టించి, చదవడం రాని తండ్రికి వేలు పెట్టి చూపించాడు.

అలాంటి పంపుని, గొయ్యి కడగడానికి కొత్తగా వచ్చిన ఓ ముసలి కూలీ నెల కిందట మేనేజరు ఎదుటే తప్పుపట్టాడు.

"బాబూ, బయటికెల్లే వాల్వు మూసుండగా ఈ జోరు నీటి వాల్వు తిప్పేమనుకో. నీలు ఎటెల్తాయి?"

"గోతిలోకే వస్తాయి. అందుకే ముందు అది తెరవాలి, తరవాత ఇది. బోర్డు మీద రాసుంది, చదువుకో."

"సదువు రానోడైతే? సీకట్లో దిగినోడైతే?"

"మూడేళ్ళ కిందట ఒకడు అలాగే తిప్పి మునిగిపోయాడు. తప్పు వాడిది. వాల్వుది కాదు."

ముసలాయన కాసేపు గోతిలోకే చూశాడు.

"ఐదెందుకు బాబూ? ఒకటి సాలదేటి?"

మేనేజరు నవ్వాడు. దాంతో అందరూ నవ్వారు.

ఆ రోజు నుంచి క్యాంటీనులో శ్రీరామ్మూర్తి రెండో ఇడ్లీ అడిగితే చాలు, వెనక నుంచి ఎవడో ఒకడు అనేవాడు: "ఒకటి సాలదేటి సార్?"

ఆ మంట ఇవాళ తీరబోతోంది.

ముసలాయన్ని గేటు దగ్గర నిలబెట్టారు. శ్రీరామ్మూర్తి వాచ్‌మన్ చేత అతని అన్నం గిన్నె తెరిపించాడు. తలకు చుట్టిన తువ్వాలు విప్పించి దులిపించాడు. షిఫ్టు దిగే జనమంతా నిలబడి చూశారు.

"వాల్వులు ఎక్కడ అమ్మేశావ్?"

"అమ్మలేదు బాబూ. తుక్కు కుప్పలో ఉన్నాయి, సూసుకోండి. నాలుగూ ఉన్నాయి."

"మరెందుకు పీకావ్? నా మీద కక్షా?"

"కచ్చే బాబూ. మీ మీద కాదు."

"మరెవరి మీద?"

"ఆటి మీద." ముసలాయన తుక్కు కుప్ప వైపు చెయ్యి చూపించాడు.

ఎవరో కిసుక్కుమన్నారు. శ్రీరామ్మూర్తి చెవులు వేడెక్కాయి. ముసలాయన చేతిలోని గేటు పాసు లాక్కుని, పేరైనా చదవకుండా రెండు ముక్కలు చేసి డ్యూటీ కోటు జేబులో కుక్కుకున్నాడు.

"ఈ ఊళ్ళో ఏ యార్డులోనూ నీకు పని దొరకదు. నేను చూస్తాను."

"అలాగే బాబూ." తువ్వాలు మళ్ళీ చుట్టుకున్నాడు. "ఒకటుంచాను. అది గోతిలో కాదు, పైన గట్టు మీదెట్టాను. సముద్రం పోటొచ్చినా అందకుండా గొట్టం మూతి గోడ మీదకి లేపాను. తిప్పితే నడుస్తాది, కట్టేత్తే ఆగుతాది. ఇంకెవులూ కిందకి దిగక్కర్నేదు."

"నడు!"

ముసలాయన వెళ్ళిపోయాడు. శ్రీరామ్మూర్తి కడుపు చల్లబడింది.

మర్నాడు పొద్దున్నే తుపాను వాన పట్టుకుంది. గొయ్యి నిండి, నీళ్ళు గట్టెక్కుతున్నాయి. మేనేజరు గొడుగుతో పరుగెత్తుకొచ్చాడు.

"పంపు తిప్పండయ్యా!"

"నాలుగు వాల్వులు మళ్ళీ బిగించాలి సార్..." అన్నాడు శ్రీరామ్మూర్తి.

"అంత టైమేదీ? ఉన్నదే తిప్పు!"

వీర్రాజు గట్టు మీది ఒక్క వాల్వూ తిప్పాడు. గొట్టం ఒకసారి దగ్గింది. గోడ అవతల సముద్రంలోకి మురికి నీళ్ళు ధారకట్టాయి. గంటన్నర పట్టే పని నలభై నిమిషాల్లో అయిపోయింది. నిచ్చెన మీద ఎవరూ కాలు పెట్టలేదు.

"శభాష్ శ్రీరామ్మూర్తీ!" అన్నాడు మేనేజరు. " ఎంత సులువు చేసేశావయ్యా! కొత్త డ్రాయింగు గీసి సంతకం పెట్టు, హెడ్డాఫీసుకి పంపిద్దాం."

వీర్రాజు తల తిప్పుకున్నాడు.

శ్రీరామ్మూర్తి వినయంగా తల ఊపాడు. నెలరోజుల అవమానానికి ఇది వడ్డీ అనుకున్నాడు. సాయంత్రానికల్లా డ్రాయింగు గీశాడు. 'రూపకల్పన' అన్న గడిలో తన పేరు రాసుకుని సంతకం పెట్టాడు.

యార్డులో ఒక రూలుంది. పాత డ్రాయింగు మీద 'రద్దు' అని రాస్తేగానీ కొత్తదానికి నంబరు ఇవ్వరు. పాతది మూడేళ్ళ నాటి ఎంక్వయిరీ ఫైల్లో ఉంది.

ఫైలు తెప్పించి, డ్రాయింగు మడత విప్పి, కోటు జేబులోంచి పెన్ను తీశాడు. పెన్నుతోపాటు గేటు పాసు ముక్కలు రెండూ టేబులు మీద పడ్డాయి.

ఊరికే పక్కపక్కన పెట్టాడు. మొదటిసారి చదివాడు. కోన అసిరయ్య.

డ్రాయింగు మీద 'రద్దు' అని రాసి, దాన్ని పక్కకు తీశాడు. కింద తన దస్తూరీతోనే ఎంక్వయిరీ రిపోర్టు ఉంది. 'వాల్వులలో లోపం లేదు. తప్పు ఆపరేటరుదే.'

దాని పైవరుసలో ఆ ఆపరేటరు వివరాలు, అవీ తను రాసినవే: 'మృతుడు కోన ఎల్లాజీ, వయస్సు ఇరవై రెండు, తండ్రి కోన అసిరయ్య.'