పన్నెండు అడుగుల పైపు

“నా చేతుల్లో ఏముంది మాస్టారూ? ఆ పక్క మున్సిపాలిటీ ఒప్పుకోవాలి కదా!” అంటూ కమిషనర్ మూడో ఉత్తరం మీద సంతకం గీకాడు.

డ్రాయింగ్ మాస్టారు మోకాళ్లు నిమురుకున్నారు. ఆయన ఉండే వీధి నడిమధ్యే రెండు పట్టణాల సరిహద్దు. ఎదురు వరసలో కొళాయిలు ధారకడతాయి. ఈ వరసకు ట్యాంకరే గతి, అదీ వీధి మొదట్లోనే ఆగుతుంది. భార్య పోయాక ఎదురింటి కోడలే రోజూ రెండు బిందెలు తెచ్చి ఆయన గుమ్మంలో పెడుతోంది. ఆ అమ్మాయికి బదిలీ అయింది. ఆదివారం వెళ్లిపోతోంది. రోడ్డు కింద పన్నెండు అడుగుల పైపు వేస్తే ఈ వరసంతా గట్టెక్కుతుంది.

“మొదటి ఉత్తరానికి ఏమన్నారండీ?”

“మీ నీళ్లు మీరే చూసుకోండి అన్నారు.”

“రెండోదానికి?”

“మొదటిది చదవలేదా అన్నారు. ఎంత పొగరో చూడండి!” కమిషనర్ ముఖం కందగడ్డయింది. “ఈసారి గట్టిగానే తగిలించాను.”

పాపం, తన కోసం ఈయన ఎన్ని మాటలు పడుతున్నాడో అనుకున్నారు మాస్టారు.

బుధవారానికి జవాబొచ్చింది: ‘మర్యాద లేని ఉత్తరాలకు బదులివ్వము.’

“నేనే వెళ్లి అక్కడి కమిషనర్ కాళ్లావేళ్లా పడతానయ్యా,” అన్నారు మాస్టారు అటెండర్‌తో.

“రేపే వెళ్లండి. అక్కడ మంగళ, గురువారాలే దొరుకుతారు,” అని అటెండర్ గట్టిగా దగ్గాడు.

గురువారం మాస్టారు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, చెప్పాల్సిన నాలుగు ముక్కలూ దారంతా వల్లించుకుంటూ అవతలి ఆఫీసుకు వెళ్లారు. అక్కడి బంట్రోతు అడక్కుండానే మంచినీళ్లిచ్చి, లోపలికి పంపాడు.

తలుపు తీసేసరికి ఆ నాలుగు ముక్కలూ గాలికెగిరిపోయాయి.

“కూర్చోండి మాస్టారూ. పెద్దవారు, ఇంతదూరం వచ్చారు. కాదంటానా?” లోపలి అధికారి ఫైలు దగ్గరికి లాక్కుని ‘అంగీకరించడమైనది’ అని రాశాడు. “రేపే పైపు వేయిస్తాను. ఇది మీ ముఖం చూసి చేస్తున్నాను సుమండీ, మీ ఊరి కమిషనర్ ముఖం చూసి కాదు. ఆయనకు ఉత్తరం రాయడం కూడా రాదు!”

మాస్టారు బుద్ధిగా తలూపారు.

రెండు ఊళ్లకూ కమిషనర్ ఒక్కడే.